రెండు కూజాల చదువు

వర్క్‌షాపు మాస్టారు ప్రొఫే ఇన్స్‌ఫ్రాన్ పరీక్ష జట్ల పేర్లు చదువుతుంటే నిమియా కళ్ళు మూసుకుని కాకుపే చర్చిలోని మాతను తలుచుకుంది. తనను ఎవరితో కలిపినా సరే, ఆ ఎవెలియోతో మాత్రం కలపకు తల్లీ అని. మాత ఆ పూట వేరే పనిలో ఉన్నట్టుంది.

"నాలుగో జట్టు," అన్నాడు ప్రొఫే. "నిమియా, ఎవెలియో, సతుర్నీనో."

వర్క్‌షాపు వెనకనుంచి ఎవరో ఈల వేశారు. ఇంకెవరో బల్లమీద దరువేశారు. మెకానిక్ ఆఖరి సంవత్సరం పిల్లలందరికీ తెలుసు, ఆ ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని. వచ్చినప్పటినుంచీ ఒకసారి నిమియా ఫస్టు వస్తే ఒకసారి ఎవెలియో ఫస్టు. అక్కడ మూడో మనిషి పేరు ఎవరూ విన్న పాపాన పోలేదు. ఇక సతుర్నీనో సంగతంటారా, వాణ్ణి అందరూ సాతూ అనే పిలుస్తారు, వాడి పేరు వినబడాలంటే మార్కులు కిందనుంచి చదవాలి.

"ప్రొఫే, ఇది జట్టు కాదు, కోడిపందెం," అన్నాడు ఎవరో.

"అయితే టిక్కెట్టు పెడదాం," అన్నాడు ప్రొఫే ఇన్స్‌ఫ్రాన్. నవ్వకుండా నవ్వించడం ఆయనకి అలవాటు. "ఇప్పుడు నోళ్ళు మూసి వినండి. పరీక్షరోజు ఈ ఇంజన్‌కి నేను ఏదో రోగం తెప్పిస్తాను. జట్టులో ఒక్కరే దాన్ని కనిపెట్టి, బాగుచేసి, నడిపించాలి. ఎవరన్నది టోపీలో మీ పేర్లు గీసిన నట్లు వేసి తీస్తా. మిగతా ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడటమే. గుసగుస వినబడిందా, జట్టు మొత్తం ఫెయిలు. ఆ ఒక్కరికి వచ్చిన మార్కే ముగ్గురికీ."

"సాతూ నట్టు వస్తేనో?" అని ఎవెలియో గట్టిగానే అడిగాడు.

"వస్తే సాతూ చేస్తాడు. నేర్పు."

సాతూ చెవులు ఎర్రబడ్డాయి. ప్రొఫే ఆగి, మెడ తుడుచుకుని, అసలు సంగతి అప్పుడు బయటపెట్టాడు. నదిలో బార్జీలను లాగే టగ్ పడవల యార్డువాళ్ళు ఒక అప్రెంటిస్ కావాలని అడిగారట. ఒక్కరే. గెలిచిన జట్టులోంచి పంపమన్నారట.

"ఎవర్ని పంపాలో నేను చెప్పను. జట్టే చెబుతుంది. 'నువ్వు ఎవరి దగ్గర ఎక్కువ నేర్చుకున్నావు?' అని ముగ్గుర్నీ అందరి ముందూ అడుగుతా. సొంత పేరు చెప్పకూడదు. ఎవరి పేరు రెండుసార్లు వస్తే వాళ్ళు పరీక్ష తర్వాతి సోమవారం యార్డు గేటు దగ్గర ఉంటారు. తలోపేరూ వస్తే అప్పుడు నేను చూసుకుంటా."

నిమియాకి ఆ తర్వాత ఒక్క ముక్క కూడా చెవికెక్కలేదు. పరానా నది ఒడ్డున రేకుల ఇంట్లో పుట్టిన పిల్ల ఆమె. నదిలో టగ్ కనబడకముందే, చప్పుడు విని ఫలానా పడవ వస్తోందని చెప్పగలదు. ఆ పడవ అడుగున, ఇంజన్ గదిలో, నూనె పూసుకున్న చేతులతో నిలబడాలని తొమ్మిదేళ్ళ వయసు నుంచి కోరిక. అది దక్కకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. వాళ్ళమ్మ రుఫీనా వంతెన దాటి అవతలి ఒడ్డుకి, పొసాదాస్‌కి సరుకు మూటలు మోసే మనిషి. వాళ్ళ అమ్మమ్మదీ అదే పని, అప్పుడు వంతెన లేదు గనక పడవలో. "స్కూలు అయిపోగానే నాకో భుజం సాయం కావాలే, నా మోకాళ్ళు ఇంక లాగవు" అని రుఫీనా చాలాసార్లు అంది. కోపంగా అన్నా బాగుండేది, ఆమె ఎప్పుడూ మామూలుగానే అనేది.

కాబట్టి నిమియాకి లెక్క తేలిగ్గానే తోచింది. నిమియా ఎవెలియో పేరు చచ్చినా చెప్పదు. ఎవెలియో నిమియా పేరు చావబోతూ కూడా చెప్పడు. ఇక మిగిలింది సాతూ. సాతూ మాట ఎటు మొగ్గితే సీటు అటు. బెల్లు కొట్టేసరికి ఎవెలియో సాతూ భుజంమీద చెయ్యేసి నడుస్తున్నాడు. ఆ ముందురోజు దాకా వాడి ఇంటిపేరు కూడా తెలియని ఎవెలియో.

*

మొదటివారం ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. మధ్యలో పాత నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, పక్కన చల్లటి నీళ్ళ కూజా. ఇక్కడ ఏ పని మొదలెట్టినా తెరెరే లేకుండా జరగదు. ఎద్దుకొమ్ము గిన్నెలో ఎండాకు పొడి పోసి, నలిపిన పుదీనా వేసిన ఐసు నీళ్ళు వంచి, ఒకే గొట్టంతో అందరూ వరసగా తాగాలి. నిమియా నీళ్ళు వంచుతోంది, గిన్నె తిరుగుతోంది, పోట్లాటా తిరుగుతోంది.

"ముందు చెవి పెట్టి వినరా సాతూ," అంది నిమియా. "ఇంజన్ మనిషిలాంటిదే. ఎక్కడ నొప్పో అదే చెబుతుంది."

"ఇంజన్ మనిషీ కాదు, మీ అమ్మమ్మా కాదు," అన్నాడు ఎవెలియో. వాళ్ళ నాన్నకి బస్టాండు వెనక గ్యారేజీ ఉంది, అక్కడి గోడమీది చార్టు వీడికి కంఠతా వచ్చు. "వరస ఉంది. నిప్పు, పెట్రోలు, గాలి. మూడూ చూడు. వరస తప్పావంటే పొద్దుటిదాకా వెతుక్కోవడమే."

"వరసలన్నీ చూసుకుంటూ కూర్చుంటే పడవ మునుగుతుంది."

"ఓహో, అప్పుడే పడవెక్కేశావా? ఆ యార్డులో ఆడపిల్లని ఎప్పుడైనా చూశావా నువ్వు? వాళ్ళ దగ్గర వేరే బాత్రూమ్ కూడా లేదు."

"నీకు బాత్రూమ్ బెంగ దేనికిరా? నన్ను చూసి భయపడినప్పుడల్లా పోవడానికా?"

సాతూ నవ్వబోయి, ఎవెలియో మొహం చూసి దగ్గులోకి మార్చుకున్నాడు. నిమియా గిన్నె నింపి ఎవెలియోకి ఇచ్చింది. అతను కళ్ళు తిప్పకుండా తాగాడు, చివరి చుక్కదాకా లాగాడు, గిన్నె వెనక్కిచ్చి, "గ్రాసియాస్" అన్నాడు.

తెరెరే తాగుతుండగా ఎవరూ గ్రాసియాస్, అంటే థాంక్స్, అనరు. అన్నారంటే నాకు చాలు, ఇంక నాకివ్వొద్దు, నేను లేస్తున్నాను అని. ఒక్క గిన్నెకే ఆ మాటన్నాడంటే మొహంమీద తలుపేసినట్టే. ఎవెలియో లేచి, తన స్టూలెత్తుకెళ్ళి కిటికీ దగ్గర వేసుకున్నాడు. మర్నాడు సొంత కూజా తెచ్చుకున్నాడు.

అలా ఒకే జట్టుకి రెండు కూజాలయ్యాయి. మధ్యలో సాతూ. పొద్దున నిమియా దగ్గర కూర్చుని తాగుతూ వినాలి. మధ్యాహ్నం ఎవెలియో దగ్గర కూర్చుని తాగుతూ రాయాలి. వద్దంటే ఎవరికి కోపమొస్తుందోనని రెండుచోట్లా తాగేవాడు. వారం తిరిగేసరికి వాడు నడుస్తుంటే కడుపులో నీళ్ళు గుడగుడమనేవి. క్లాసులో వాడికి ట్యాంకరు అని పేరుపెట్టారు.

ఇద్దరూ వాణ్ణి వదిలితే ఒట్టు. నిమియా వాడి కళ్ళకి గుడ్డ కట్టి, ఇంజన్ తిప్పి, ఏ సిలిండర్ కుంటుతోందో చెప్పమనేది. ఎవెలియో వాడిచేత వైర్ల వరస, ఒకటి మూడు నాలుగు రెండు, ఒకటి మూడు నాలుగు రెండు అని బస్సులో కూడా అప్పజెప్పించేవాడు. ఒకరోజు నిమియా వాడికి చిపా రొట్టె కొనిపెడితే మర్నాడు ఎవెలియో రెండు కొనిపెట్టాడు. సాతూకి వాళ్ళ ఊరి బస్సు తప్పిపోతే ఎవెలియో మోటార్‌సైకిల్‌మీద పొలందాకా దింపి వచ్చాడు. అది విని నిమియాకి ఆ పూట అన్నం సయించలేదు.

కానీ సాతూతో ఒక చిక్కుంది. వాడు మొద్దు కాదు. వాడికి ఏదైనా ఎందుకో చెబితేనే బుర్రకెక్కుతుంది, చెప్పకపోతే ఎక్కదు. అంతే. మూడేళ్ళుగా ఎవరూ చెప్పలేదు గనక ఎక్కలేదు.

"నిమియా, నిప్పు ముందే పడితే ఏమవుతుంది?"

"వెనక్కి తంతుంది."

"ఎందుకు తంతుంది?"

"పిస్టన్ ఇంకా పైకి వస్తుంటుంది కదరా."

"వస్తే? అంత బరువు ఇనపముక్కని అంత చిన్న మంట ఎలా తోస్తుంది?"

నిమియా "రేపు చెబుతా" అనేది. ఇంటికెళ్ళి మూటలు కడుతూ అదే ఆలోచన. ఆ ఎవెలియోని కూడా ఇదే అడిగి ఉంటాడు, వాడికి తెలిసిపోతేనో అన్న కంగారు. దొరికేదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగేది. అటు ఎవెలియో కూడా లైబ్రరీలో కనబడుతున్నాడని కబురు. ఎవెలియో, లైబ్రరీలో!

అన్నిటికీ జవాబు వెతికారా అంటే అదీ లేదు. "లోపలికి పోయిన గాలి బయటికి పోలేకపోతే ఏమవుతుంది?" అని సాతూ ఒకసారి అడిగాడు. "ఎందుకు పోదురా, గొట్టం ఉన్నదే అందుకు" అని నిమియా కొట్టిపారేసింది. "అది చార్టులో లేదు, నీకనవసరం" అని ఎవెలియో కూడా అన్నాడట.

*

పరీక్షరోజు పొద్దున గేటు దగ్గర సాతూ నిమియాని పక్కకి లాగాడు. వాడి మొహం సున్నం కొట్టినట్టుంది.

"నీ పేరే చెబుతా, సరేనా? ఎవరికీ చెప్పకు."

నిమియాకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. వాడి నెత్తిమీద ముద్దుపెట్టి, "నువ్వు దేవుడివిరా ట్యాంకరూ" అంది. ఆమె తన ఎత్తు కూడా వేసుకునే వచ్చింది. తన వంతుకి సాతూ పేరు చెబుతుంది. అలా అయితే ఎవెలియోకి తన నోటినుంచి ఒక్క ఓటూ పోదు. ఎవెలియో ఇంకెవరి పేరు చెబితేనేం? సాతూ తనవైపున్నాడు. తలోపేరూ వచ్చినా ప్రొఫే ఉన్నాడు, ఆయనకి నిమియా చెవి అంటే ఎంత గురో ఊరంతటికీ తెలుసు. ఎత్తు వేసుకున్నంతసేపూ అందులో తప్పేముందో ఆమెకి తట్టలేదు.

ముందు మూడు జట్లూ బోర్లాపడ్డాయి. ఒకడికి ఇంజన్ పలకనేలేదు. ఇంకొకడు కంగారులో బ్యాటరీ వైర్లు తారుమారు చేసి నిప్పురవ్వలు లేపాడు. ప్రొఫే పెట్టిన గడువు గడియారంతో కాదు. పక్కన కుర్చీలో కూర్చుని, తన కూజా తాను ఒక్కడే తాగుతాడు. కూజా ఖాళీ అయితే పరీక్ష అయిపోయినట్టే. ఆయన తీరిగ్గా తాగడం, పిల్లలు ఆ కూజావంక చూసి చెమటలు కక్కడం. అసలు పరీక్ష ఇంజన్‌ది కాదు, ఆ కూజాదే.

"నాలుగో జట్టు. బయటికి పోండి."

ముగ్గురూ వరండాలో గోడకి తిరిగి నిలబడ్డారు. లోపల ప్రొఫే ఇంజన్‌కి రోగం తెప్పిస్తున్నాడు. తర్వాత పిలిచి టోపీ ఊపాడు. మూడు నట్లు గలగలలాడాయి. చెయ్యిపెట్టి తీసి, ఎత్తి చూపించాడు.

"సతుర్నీనో."

క్లాసంతా "ఓ!" అంది. ఎవెలియో కళ్ళు మూసుకున్నాడు. ఇన్ని వారాల కష్టం, సీటు, నది, అన్నీ ఇప్పుడు సాతూ పదివేళ్ళలో ఉన్నాయి. ప్రొఫే మొదటి గిన్నె నింపుకున్నాడు.

సాతూ తాళం తిప్పాడు. ఇంజన్ గిర్రున తిరిగింది, అంటుకోలేదు.

వాడు చేతులు ప్యాంటుకి తుడుచుకుని, పైకే చెప్పుకుంటూ మొదలెట్టాడు. "నిప్పు." ప్లగ్గు వైరు ఊడబీకి ఇనుముకి దగ్గరగా పెట్టి, తాళం తిప్పమని పక్క జట్టు కుర్రాడికి సైగ చేశాడు. టప్పుమని నీలంగా రవ్వ దూకింది. "నిప్పుంది." గొట్టం ఊడదీశాడు, పెట్రోలు వాసన గుప్పుమంది. "పెట్రోలుంది." ఫిల్టరు మూత విప్పి వేలు పెట్టాడు. "గాలుంది." ఎవెలియో తలాడిస్తున్నాడు. తన వరస తు.చ. తప్పకుండా నడుస్తోందని వాడి మొహం వెలిగిపోతోంది. నిమియాకి ఒళ్ళు మండింది. మూడూ ఉన్నాయి, ఇంజన్ మాత్రం పలకదు. ఇప్పుడేం చేస్తావురా చార్టూ?

'విను,' అని మనసులోనే అరిచింది. 'చెవి పెట్టరా సాతూ, చెవి!'

ప్రొఫే మూడో గిన్నె పీలుస్తున్న చప్పుడు.

సాతూ కళ్ళు మూసుకున్నాడు. తాళం మళ్ళీ తిప్పమన్నాడు. తల ఇంజన్ మీదికి వంచాడు. గిర్రు, గిర్రు, ఫట్. గిర్రు, ఫట్.

"తుమ్ముతోంది," అన్నాడు. "ఫిల్టర్‌వైపు తుమ్ముతోంది. మంట పడాల్సిన చోట కాకుండా వేరేచోట పడుతోంది." నిమియా పిడికిళ్ళు బిగించింది. "అంటే వైర్లు మారాయి. ఒకటి, మూడు, నాలుగు..." వేలితో వైర్ల వెంట వెళ్ళి ఆగాడు. "ఇది రెండు కావాలి. ఇది నాలుగు!" రెండు వైర్లూ పీకి మార్చాడు. తాళం తిప్పాడు.

ఇంజన్ ధడధడమని అంటుకుంది. క్లాసు గోల. నిమియా, ఎవెలియో మొహమొహాలు చూసుకుని, నవ్వబోయి, అలవాటు గుర్తొచ్చి ఆపేసుకున్నారు. అంతలోనే ఇంజన్ ఆయాసపడింది, రొప్పింది, చచ్చిపోయింది.

ఇంకో రోగం ఉందన్నమాట.

మళ్ళీ తిప్పాడు. అంటుకుంటోంది, నాలుగు గుక్కలు లాగుతోంది, ఆగిపోతోంది. నిమియా చెవులు రిక్కించింది. ఆమెకి ఏమీ అందలేదు. ఆ చప్పుడు ఎప్పుడూ విన్నది కాదు. ఎవెలియో పెదాలు కదులుతున్నాయి, చార్టు మొదటినుంచి చివరిదాకా తిరగేస్తున్నాడు, అందులోనూ లేదు. ప్రొఫే కూజా వంచాడు. అడుగున ఐసుముక్క గల్లుమంది.

సాతూ ఇంజన్‌ని వదిలేశాడు. రెండడుగులు వెనక్కి వేసి, దాన్ని మొత్తంగా చూశాడు. పొగగొట్టం ఇంజన్ వెనకనుంచి బయలుదేరి, నేలబారున పాకి, గోడకన్నంలోంచి పెరట్లోకి పోతుంది. వాడు దానివెంట గోడదాకా నడిచాడు. గోడమీద చెయ్యిపెట్టాడు. తర్వాత ఒక్కసారిగా తిరిగి, తలుపులోంచి బయటికి పరుగెత్తాడు.

"పారిపోయాడ్రోయ్!" అని ఎవడో కేకేశాడు.

"ట్యాంకరు ఖాళీ చెయ్యడానికి పోయాడు!"

క్లాసు పగలబడి నవ్వుతోంది. ఎవెలియో తల పట్టుకుని కింద కూలబడ్డాడు. నిమియా ఇంకొక్క నిమిషం ఉంటే ఏడ్చేసేదే. ప్రొఫే మాత్రం నవ్వలేదు. గిన్నె నోటి దగ్గరే ఆపి తలుపువైపు చూస్తున్నాడు. నిమియా ఆ చూపు చూసి తనూ తలుపువైపు తిరిగింది.

సాతూ తిరిగొచ్చాడు. మోచేతులదాకా మసి. చేతిలో ముంజేయంత కర్రపెండలం దుంప.

"గొట్టం చివర దూర్చి ఉంది," అన్నాడు రొప్పుతూ. "లోపలికి గాలి తీసుకుంటోంది, వదలడానికి లేదు. వదిలితే కదా ఇంకోటి తీసుకునేది!" దుంపని తిప్పి చూశాడు. వాళ్ళది కర్రపెండలం పండించే ఇల్లు. "ఇది పీచుది ప్రొఫే. వండుకోడానికి పనికిరాదు."

ప్రొఫే చివరి గిన్నె నింపుకుంటున్నాడు. "కూజాలో ఇంకా నీళ్ళున్నాయి," అన్నాడు.

సాతూ తాళం తిప్పాడు.

ఆ చప్పుడు నిమియా జన్మలో మర్చిపోదు. రేకుల కప్పు అదిరింది, అద్దాలు గణగణలాడాయి, పెరట్లోంచి నల్లటి పొగ మబ్బులా లేచింది. ఇంజన్ ఒక్క తొట్రుపాటు లేకుండా, నాలుగు సిలిండర్లూ నలుగురు అన్నదమ్ముల్లా పాడుతోంది. క్లాసంతా బల్లలెక్కింది. ఎవెలియో ఎగిరి సాతూ మెడమీద పడ్డాడు, నిమియా అటునుంచి పడింది, ముగ్గురూ కలిసి మసిలో గిరగిర తిరిగారు. ఎవరి చెయ్యి ఎవరి భుజంమీద ఉందో ఆ క్షణంలో ఎవరికీ పట్టలేదు.

*

ప్రొఫే ఇంజన్ ఆపించి, ముగ్గుర్నీ అందరిముందూ నిలబెట్టాడు.

"ఎవెలియో. నువ్వు ఎవరి దగ్గర ఎక్కువ నేర్చుకున్నావు?"

ఎవెలియో ఒక్క లిప్తసేపు నిమియావైపు చూశాడు. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు, పొద్దున అద్దంలో తనదే చూసింది. "సాతూ దగ్గర, ప్రొఫే."

క్లాసు ఘొల్లుమంది. దొంగ! నా ఎత్తే వీడూ వేశాడు! నిమియాకి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. అంతలో లెక్క గుర్తొచ్చింది. సాతూకి ఒకటి పడింది. ఇప్పుడు తనూ సాతూ అంటే, సీటు సాతూదే.

"నిమియా?"

ఎవెలియో పేరు చెబితే చాలు. ఒక్క పేరు. ఎవెలియోకి ఒకటి, సాతూకి ఒకటి, సాతూ నోటినుంచి తనకొకటి. తలోటి. ఇక ప్రొఫే చూసుకుంటాడు. సోమవారం తను గేటు దగ్గర ఉంటుంది, అమ్మ మూటలు వేరే భుజం వెతుక్కుంటాయి. నాలుక చివరిదాకా వచ్చింది పేరు.

కానీ చెవుల్లో ఇంకా ఆ ఇంజనే మోగుతోంది. 'లోపలికి పోయిన గాలి బయటికి పోలేకపోతే?' అని అడిగింది ఎవరు? ఎందుకు పోదురా అని కొట్టిపారేసింది ఎవరు? మంట ఇనుముని ఎలా తోస్తుందో మూటలు కడుతూ కడుతూ తను తెలుసుకుంది ఎవరివల్ల? వాడు అడగకపోతే తనకి వినడం తప్ప ఏమొచ్చు? పొద్దున ఎత్తుగడగా మూటకట్టుకు తెచ్చుకున్న జవాబే ఇప్పుడు అచ్చమైన నిజమై కూర్చుంది. ఇంకో పేరు చెప్పబోతే నోరు తిరగడం లేదు.

"సాతూ దగ్గర," అంది నిమియా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె గొంతులో ఏముందో గానీ, వెనకబల్లమీదివాళ్ళు కూడా కిందికి దిగారు. ఎవెలియో తలతిప్పి ఆమెని వింతగా చూశాడు.

"అయితే సోమవారం యార్డుకి సతుర్నీనో," అన్నాడు ప్రొఫే. "అయినా నువ్వూ చెప్పాలి. ఎవరి దగ్గర?"

సాతూ కళ్ళనిండా నీళ్ళు. దుంప ఇంకా చేతిలోనే ఉంది. "ప్రొఫే, పొద్దున నేను ఇద్దరికీ మాటిచ్చాను," అన్నాడు. "నీ పేరే చెబుతానని ఇద్దరికీ."

"ఒరే!" అన్నారు నిమియా, ఎవెలియో ఒక్క గొంతుతో.

"ఏం చెయ్యను! ఒకరి దగ్గర నేర్చుకోలేదు నేను. వీళ్ళ కొట్లాట దగ్గర నేర్చుకున్నాను."

బయటికి వస్తుంటే ఎవెలియో వెనకనుంచి అందుకున్నాడు. చేతులు జేబుల్లో, చూపులు నేలమీద.

"నేను నిన్ను అడ్డుకోడానికే చెప్పాను," అన్నాడు.

"తెలుసు."

"నువ్వు?"

"పొద్దున నేనూ అందుకే అనుకున్నా."

నిమియా ఆగలేదు, ఆగితే వాడిముందు ఏడవాల్సి వస్తుంది.

గేటు బయట రుఫీనా నిలబడి ఉంది. వంతెన దాటి నేరుగా వచ్చినట్టుంది, ఒక్కో భుజాన ఒక్కో మూట, చెప్పులు కాళ్ళకి లేవు, చేతిలో పట్టుకుంది. మోకాళ్ళు నొప్పెడుతున్నప్పుడే ఆమె అలా నడుస్తుంది. కూతురి మొహం చూసి అన్నీ చదివేసుకుంది.

"రాలేదా?"

"రాలేదమ్మా."

"ఆ గ్యారేజీవాళ్ళ పిల్లాడికా?"

"కాదు. సాతూకి."

"వాడెవడే?"

"నేను నేర్పినవాడు," అంది నిమియా, ఆ మాటతో ఏడుపు కట్టతెగింది. ఏడుస్తూనే అమ్మ భుజం మీది పెద్ద మూట లాక్కుని తన భుజాన వేసుకుంది. తాడు మెడ దగ్గర ఒరుసుకుంది. మనసులో ఎక్కడో సోమవారం అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. ఇద్దరూ నదివైపు నడక మొదలెట్టారు.

"ఇంజన్ చచ్చిపోయిందమ్మా," అంది నిమియా, ముక్కు చీదుతూ. "నాకు తెలియలేదు. ఆ ఎవెలియోగాడికి అసలే తెలియలేదు. సాతూ ఏమో బయటికి పరుగెత్తాడు. అందరూ పారిపోయాడనుకున్నారు. నేనూ అనుకున్నా." ఆమె గొంతు పెరుగుతోంది, చెయ్యి గాలిలో ఊగుతోంది, మూట జారిపోతుంటే మోచేత్తో ఎగదోసుకుంటోంది. "వచ్చాడమ్మా! చేతిలో ఇంత దుంప! గొట్టంలోంచి లాగాడు! మాకెవ్వరికీ తట్టలేదు, చూడు, ఎవ్వరికీ!"

రుఫీనాకి ఇంజన్ గురించి ఓనమాలు కూడా తెలియవు. నడుస్తున్నదల్లా రోడ్డు మధ్యలో ఆగి, కళ్ళనీళ్ళతో వెలిగిపోతున్న కూతురి మొహంవంక చూసింది.

"తర్వాత?" అంది.